తెలంగాణ ప్రజా సమితి: 1971 నాటి విజయము, దాని గతి

1971 మార్చి నెలలో జరిగిన లోక్‌సభ యెన్నికలయందు తెలంగాణమునకు గల 14 స్థానములలో 10 స్థానములను తెలంగాణ ప్రజా సమితి గెలుచుకొనెను. ఆ పక్షము పుట్టి అప్పటికి రెండేండ్లు మాత్రమే. ఆరు మాసములు గడచినవో లేదో, అదే సంవత్సరము సెప్టెంబరులో, అది తాను ఓడించిన కాంగ్రెసులోనే లీనమైపోయెను. 1972లో శాసనసభకు ఎన్నికలు జరిగినప్పుడు, విలీనమున కంగీకరింపని వారు సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితి యను పేరుతో నిలువగా, వారికి దక్కినది ఒకే యొక్క స్థానము. ప్రజలిచ్చిన తీర్పు ఒక్క యేటిలో ఇట్లు నిష్ఫలమగుటకు కారణమేమి యన్నదే ఈ వ్యాసమున మేము విచారింప బూనిన విషయము.

దీనికి సామాన్యముగా చెప్పబడు సమాధానము ఒక్కటే కలదు: నాయకుల ద్రోహము. మేము తరగతిలో ఈ ఘట్టమును బోధించునప్పుడెల్ల విద్యార్థులు తడుముకొనక చెప్పు మాట యిదియే. వారి తల్లిదండ్రులును ఇదియే చెప్పుదురు. పెద్దలు కొందఱు "అరవైతొమ్మిది" అను మాటను సంవత్సరపు పేరుగా గాక, ఇంటిలో జరిగిన యొక మరణమును తలచుకొన్నట్లు పలుకుదురు. ఆ బాధ నిజమైనది. దానిని మేము తక్కువ చేయజాలము. కాని ద్రోహమను మాట నింద యగును గాని కారణము కాదు. ఒక నాయకుడు పక్షమును విడువవచ్చును. ఆయనతోడనే పక్షమంతయు ఎగిరిపోయినదనగా, ఆ పక్షపు నిర్మాణమునందే యేదో లోపముండవలెను. ఆ లోపమెట్టిదో తెలియవలెనన్న కొంత వెనుకకు పోవలసియున్నది.

రాష్ట్ర పునర్విభజన సంఘము 1955లో తన నివేదికయందు హైదరాబాదు రాష్ట్రమును తత్కాలమునకు వేరుగనే యుంచి, 1961 ప్రాంతపు సామాన్య ఎన్నికల పిమ్మట ఆ రాష్ట్ర శాసనసభ మూడింట రెండు వంతుల ఆధిక్యముతో కోరినచో ఆంధ్రతో కలుపవచ్చునని సూచించెను. ఆ సూచన పాటింపబడలేదు. 1956 ఫిబ్రవరి 20వ తేదీన ఉభయ ప్రాంతముల నాయకులు ఢిల్లీలో కూర్చుండి చేసికొన్న పెద్దమనుషుల ఒప్పందము ఆధారముగా అదే సంవత్సరము నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించెను. ఒప్పందమున ప్రధానములైనవి తెలంగాణపు మిగులు ఆదాయము తెలంగాణముననే వ్యయపడుట, ఉద్యోగములందు స్థానికులకు రక్షణ, ప్రాంతీయ సంఘము, ముఖ్యమంత్రి యొక ప్రాంతమువాడైనచో ఉపముఖ్యమంత్రి రెండవ ప్రాంతమువాడగుట. మొదటి మంత్రివర్గముననే ఉపముఖ్యమంత్రి లేకపోయెను. ఇది పదవికి సంబంధించిన చిన్న విషయమని కొందఱందురు. మా దృష్టిలో అది చిన్నది కాదు. వ్రాసికొన్న మాట మొదటి దినముననే తప్పినప్పుడు, తక్కిన మాటలపై నమ్మకము నిలుచుట కష్టము.

ఉద్యోగ రక్షణల మాట మఱింత సున్నితమైనది. 1952లోనే ముల్కీ ఉద్యమము హైదరాబాదు వీథులందు తుపాకి కాల్పులను చూచియుండెను. 1957లో పార్లమెంటు చేసిన ప్రభుత్వోద్యోగ చట్టము తెలంగాణపు ఉద్యోగములకు నివాస నియమమును విధించినను, దాని యమలు సరిగా జరుగలేదన్న ఫిర్యాదు గ్రామ గ్రామమున వినవచ్చుచుండెను. 1969 జనవరి మొదట కొత్తగూడెము థర్మల్ విద్యుత్కేంద్రమున స్థానికేతరుల నియామకముపై రేగిన అలజడి ఖమ్మమున విద్యార్థి నిరాహారదీక్షగా మారి, అచటినుండి ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ప్రాకెను. జనవరి 19న అఖిలపక్ష నాయకులు రక్షణలను అమలుపరచుటకు ఒడంబడిక చేసికొనిరి. రెండు దినములలో ప్రభుత్వము 36వ సంఖ్య గల ఉత్తరువు నిచ్చి, స్థానికేతరులను ఫిబ్రవరి మాసాంతములోపల తరలింప నిశ్చయించెను. అంతలో ఆ ఉత్తరువు న్యాయస్థానముల కెక్కెను. మార్చి 28న సుప్రీముకోర్టు, నివాస నియమమునకు మూలమైన 1957 నాటి చట్టపు విధి తెలంగాణము విషయమున రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పెను.

ఈ తీర్పు ఫలితమును మనము జాగ్రత్తగా గమనింపవలెను. అంతవరకు ఉద్యమమున రెండు పాయలుండెను: రక్షణలను అమలుపరుపుమనునది యొకటి, ప్రత్యేక రాష్ట్రమును ఇమ్మనునది మఱియొకటి. రక్షణలకు చట్టమునందే చోటు లేదని తేలిన పిమ్మట మొదటి పాయ యెండిపోయెను. ఒప్పందమును నమ్ముకొన్నవాడు సైతము వేరుపడుట తప్ప మార్గము లేదను నిశ్చయమునకు వచ్చెను. ప్రధానమంత్రి ఇందిరాగాంధి ఏప్రిల్ 11న ప్రకటించిన అష్టసూత్ర ప్రణాళిక అప్పటికే ఆలస్యమైపోయినది.

తెలంగాణ ప్రజా సమితి ఈ వేడిలో జన్మించెను. న్యాయవాది యగు అనంతుల మదనమోహన్ మొదట దానికి నాయకత్వము వహించెను. విద్యార్థులు, ఉపాధ్యాయులు, గజెటెడు కాని ఉద్యోగులు దానికి ప్రాణము. మంత్రిపదవిని విడిచివచ్చిన కొండా లక్ష్మణ్ బాపూజీ వంటివారి త్యాగము దానికి గౌరవమును తెచ్చెను. అటుపై మే మాసమున డాక్టరు మర్రి చెన్నారెడ్డి సమితిలో ప్రవేశించి అధ్యక్షుడయ్యెను. ఆయన కేంద్రమున ఉక్కు, గనుల మంత్రిగా నుండినవాడు. 1967లో తాండూరునుండి గెలిచిన ఎన్నిక వందేమాతరం రామచంద్రరావు వేసిన పిటిషనుపై రద్దు కాగా, ఆరేండ్లు పోటీచేయు నర్హతను కోల్పోయినవాడు. సమితి చరిత్రలో ఈ విషయమునకు తగినంత ప్రాధాన్యము ఈయబడలేదని మా యభిప్రాయము. పక్షమునకు అధ్యక్షుడు; కాని తానై ఏ చట్టసభకును పోటీ చేయలేడు. అట్టి నాయకునకు ఎన్నికల విజయము తన విజయముగా గాక, బేరమాడుటకు చేతికందిన ధనముగా కనబడుట సహజము.

అప్పటి నిర్బంధమును, కాల్పులను వర్ణించుట ఈ వ్యాసపు పరిమితికి లోబడదు. ఉద్యమమున అసువులు బాసినవారు 369 మంది యని ఉద్యమకారుల లెక్క. ప్రభుత్వపు లెక్క అంతకు చాల తక్కువ. ఏది యెట్లున్నను, హైదరాబాదులో శాసనసభ కెదుట గన్‌పార్కున నిలిచిన స్తూపము ఆ సంవత్సరమునకు సాక్షి.

ఇక ఎన్నికల విషయము. సమితి బలము మొదట బయటపడినది ఉపయెన్నికలందు. 1970లో సిద్దిపేట శాసనసభ స్థానమునకు జరిగిన ఉపయెన్నికలో మదనమోహన్ సమితి పక్షమున గెలుపొందెను. ఆ యేడు చివర, డిసెంబరు 27న, ఇందిరాగాంధి లోక్‌సభను గడువునకు ముందే రద్దుచేయించెను. ఇందుచేత ఒక విచిత్రము జరిగినది. స్వాతంత్ర్యానంతరము తొలిసారి దేశమున లోక్‌సభ యెన్నికలు అనేక రాష్ట్రముల శాసనసభ యెన్నికలనుండి విడివడెను. తెలంగాణపు ప్రజలు 1971లో ఢిల్లీకి ప్రతినిధులను మాత్రమే పంపగల్గిరి. హైదరాబాదున ఎవరు పాలింపవలెనో చెప్పుటకు వారికి మఱియొక యేడాది ఆగవలసివచ్చెను.

ఆ యెన్నికలలో రాష్ట్రమునందలి 41 స్థానములకు గాను కాంగ్రెసు 28, ప్రజా సమితి 10 గెలిచినవి. ఉభయ కమ్యూనిస్టు పక్షములకు ఒక్కొక్కటి, స్వతంత్రునకు ఒకటి. సమితి తెలంగాణమున మాత్రమే పోటీచేసియు రాష్ట్రమంతటి ఓట్లలో నూటికి 14 వంతులు సంపాదించెను. దేశమంతయు "గరీబీ హటావో" నినాదముతో ఊగిపోవుచు ఇందిరాగాంధి పక్షమునకు 518 స్థానములలో 352 కట్టబెట్టిన యెన్నికలలో, ఆ గాలికి ఎదురు నిలిచిన ప్రాంతములు మిక్కిలి తక్కువ. అందు తెలంగాణ మొకటి. ఇది గొప్ప విజయమనుటలో సందేహము లేదు.

అయితే ఆ 352 అను సంఖ్యయే సమితికి మృత్యువైనది. అంతకు రెండేండ్ల ముందు, 1969 నవంబరులో కాంగ్రెసు చీలినప్పుడు ఇందిరాగాంధి ప్రభుత్వమునకు సొంత బలము చాలలేదు. ద్రావిడ మున్నేట్ర కజగము, కమ్యూనిస్టు పక్షము మున్నగువారి మద్దతుతో అది నిలిచెను. సరిగా ఆ పదమూడు మాసముల కాలమున, ఒక్కొక్క ఓటునకు విలువయున్న సమయమున, సమితికి లోక్‌సభలో గెలిచి వచ్చిన సభ్యులు లేరు. పదిమంది సభ్యులు చేకూరునాటికి వారి యవసరము ఢిల్లీకి లేకపోయెను. చేతిలో సొమ్ము లేనినాడు సంత సాగినది. సొమ్ము వచ్చినాడు సంత ముగిసినది. ఇందులో ఎవరి దోషమును లేదు. ఉన్నదెల్ల కాలము దోషమే.

పదిమందితో ఢిల్లీలో ప్రభుత్వమును నిలుపుటకును, పడగొట్టుటకును వీలులేదు. హైదరాబాదు శాసనసభలో ఎన్నికలు రాలేదు గనుక అచటను బలము లేదు. ఇట్టి స్థితిలో సమితికి మిగిలిన మార్గములు రెండు: మఱల వీథులకెక్కుట, లేక రాజీకి వచ్చుట. వీథులందు రెండేండ్లు నెత్తురోడ్చిన ప్రజలు అలసియుండిరి. ఒక విద్యాసంవత్సరమును పోగొట్టుకొన్న విద్యార్థులు తరగతులకు తిరిగిపోయిరి. రాజీ జరిగెను. కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రి పదవినుండి తొలగెను. ప్రాంతీయ రక్షణలు కొనసాగునన్న హామీ లభించెను. 1971 సెప్టెంబరు 30న పి.వి. నరసింహారావు తెలంగాణమునుండి వచ్చిన మొదటి ముఖ్యమంత్రిగా ప్రమాణము చేసెను.

మూడవ మార్గమొకటి యుండెనని మేము తలచుచున్నాము. దానిని గూర్చి ముందు చెప్పుదుము. ఇచట మఱియొక సంగతి చెప్పవలెను. గెలిచిన పదిమంది ఎవరు? హైదరాబాదునుండి గెలిచిన డాక్టరు జి.ఎస్. మేల్కోటే పాత హైదరాబాదు రాష్ట్రమున మంత్రి, 1967లో అదే స్థానమున కాంగ్రెసు సభ్యుడు. సిద్దిపేటనుండి గెలిచిన జి. వెంకటస్వామియు అట్లే 1967లో కాంగ్రెసు పక్షమున ఎన్నికైనవాడు. మెదకునుండి వచ్చిన మల్లికార్జున్ విద్యార్థి నాయకుడు, వరంగల్లునుండి ఎస్.బి. గిరి కార్మికోద్యమమునుండి వచ్చినవాడు. కాని పక్షమును నడిపిన హస్తములు కాంగ్రెసువారివే. వారి జీవితమంతయు కాంగ్రెసులో గడచినది. వారి చుట్టరికములు, గ్రామములందలి వారి అనుయాయులు కాంగ్రెసువారు. వారికి విలీనము శత్రుశిబిరమున చేరుట కాదు, అలిగి పుట్టింటికి పోయిన కోడలు మఱల అత్తవారింటికి వచ్చుట. ఉద్యమమున పుట్టిన యువకులకు మాత్రమే అది పరాజయము. ఒకే పక్షమున ఈ రెండు రకములవారు కలిసియున్నప్పుడు, అంతిమ నిర్ణయము అనుభవజ్ఞుల చేతిలోనే యుండెను.

గ్రామ స్థాయిని చూచినచో లోపము మఱింత స్పష్టమగును. సమితికి ప్రజల ఓటు కలదు గాని, పంచాయతీ సమితులందును జిల్లా పరిషత్తులందును వేళ్ళూనిన సొంత యంత్రాంగము లేదు. రెండేండ్లలో అది సాధ్యమును కాదేమో. కాని యంత్రాంగము లేని పక్షమున అధ్యక్షుని సంతకమే పక్షము. సిద్దిపేటను చూడుడు: 1970లో సమితి పక్షమున గెలిచిన మదనమోహనే 1972లో అదే స్థానమున కాంగ్రెసు పక్షమున గెలిచెను. ఓటరు మనిషిని విడువలేదు. మనిషి పక్షమును విడిచెను. 1972లో 287 స్థానములు గల శాసనసభలో కాంగ్రెసునకు 219 వచ్చినవి.

ఆ రాజీవలన తెలంగాణమునకు కలిగిన లాభము ఎంతకాలము నిలిచినది? 1972 అక్టోబరు 3న సుప్రీముకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పగా, కోస్తాయందును రాయలసీమయందును జై ఆంధ్ర ఉద్యమము చెలరేగెను. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చెను. నరసింహారావు పదవినుండి తొలగెను. ఆ సెప్టెంబరున వెలువడిన ఆరుసూత్రముల పథకము ముల్కీ నిబంధనలను, ప్రాంతీయ సంఘమును రెండింటిని తొలగించెను. సమితి దేనిని రక్షించుటకు తన్ను తాను రద్దుచేసికొన్నదో, అదియే రెండేండ్లలో రద్దయినది. చెన్నారెడ్డి మాత్రము 1978లోను మఱల 1989లోను సమైక్య రాష్ట్రమునకు ముఖ్యమంత్రి యయ్యెను.

ఇక మేము చెప్పెదమన్న మూడవ మార్గము. 2001 ఏప్రిల్ 27న తెలంగాణ రాష్ట్ర సమితి స్థాపింపబడినది. అది వెలసిన గృహము హైదరాబాదులోని జలదృశ్యము, కొండా లక్ష్మణ్ బాపూజీది. అనగా 1969లో మంత్రిపదవిని త్యజించిన వానిది. స్థాపకుడు కల్వకుంట్ల చంద్రశేఖరరావు 1983లో సిద్దిపేటలో మదనమోహన్ చేతిలోనే స్వల్పాధిక్యముతో ఓడి, 1985నుండి వరుసగా గెలుచుచు వచ్చినవాడు. పాత సమితి కథను దగ్గరనుండి ఎరిగిన ఊరినుండి కొత్త సమితి వచ్చెను. ఉప సభాపతి పదవిని, శాసనసభ్యత్వమును విడిచి, అదే స్థానమున ఉపయెన్నికలో ఆయన గెలిచెను. ఆ యేడు జరిగిన స్థానిక ఎన్నికలలో కరీంనగరము, నిజామాబాదు జిల్లా పరిషత్తులు సమితి వశమయ్యెను. పాత సమితికి ఏనాడును లేని గ్రామబలము ఇట్లు మొదటి యేటనే చేకూరెను.

2004లో కాంగ్రెసుతో పొత్తు పెట్టుకొని ఈ పక్షము 26 శాసనసభ స్థానములు, 5 లోక్‌సభ స్థానములు గెలిచెను. పదింటిలో సగము మాత్రమే. కాని ఆ లోక్‌సభలో కాంగ్రెసు బలము 145. కనుక 1971 నాటి పదిమందికి లేని విలువ ఈ అయిదుగురికి వచ్చినది. కేంద్ర మంత్రివర్గమున చోటు, ఉమ్మడి కార్యక్రమమున తెలంగాణపు ప్రస్తావన లభించెను. ఆ మాట నెరవేరకపోగా 2006లో వారు మంత్రివర్గమునుండి బయటకు వచ్చిరి. అపుడు కరీంనగరమున రాజీనామాచేసి గెలిచి చూపుమని సవాలు విసిరిన రాష్ట్ర మంత్రి ఎం. సత్యనారాయణరావు. ఆయనయే 1971లో అదే కరీంనగరమునుండి ప్రజా సమితి పక్షమున లోక్‌సభకు గెలిచినవాడు! చరిత్రలో ఇట్టి కలయికలు కల్పించినను నమ్మరు. చంద్రశేఖరరావు రాజీనామా చేసి, ఆ డిసెంబరు ఉపయెన్నికలో రెండు లక్షలకు పైబడిన ఆధిక్యముతో గెలిచెను.

రాజీనామాచేసి అదే స్థానమున మఱల నిలుచుట: ఇదియే పాత సమితి త్రొక్కని మూడవ మార్గము. పది స్థానములను ఢిల్లీకి తాకట్టు పెట్టుటకు బదులు, ప్రజల యెదుట మఱల మఱల నిలువబెట్టి ప్రశ్నను సజీవముగా నుంచవచ్చును. ఈ మార్గము నిరపాయమని మేము చెప్పుట లేదు. 2008లో మూకుమ్మడి రాజీనామాల పిమ్మట జరిగిన ఉపయెన్నికలలో 16 శాసనసభ స్థానములకు 7 మాత్రమే తిరిగి వచ్చినవి. 2009 సామాన్య ఎన్నికలలో పక్షము 10 స్థానములకు దిగజారెను. నాటి పత్రికలు దాని పని యైపోయినదని వ్రాసెను. కాని యంత్రాంగమున్న పక్షము ఓటమిని భరింపగలదు. అదే సంవత్సరము నవంబరు 29న ప్రారంభమైన నిరాహారదీక్ష, ఉస్మానియా, కాకతీయ విద్యార్థుల సంచలనము, డిసెంబరు 9 నాటి కేంద్ర ప్రకటన, ఆచార్య కోదండరామ్ నడిపిన సంయుక్త కార్యాచరణ సంఘము, 2010 జూలైలో 12 ఉపయెన్నికలకు 11 గెలుచుట, ఇవన్నియు సుపరిచితములు. ఇక్కడ మా వాదమునకు ఒక పరిమితిని మేమే చెప్పుకొనవలెను: 2009 డిసెంబరులో ఈ పక్షమునకు లోక్‌సభలో ఇద్దరు సభ్యులే. కావున ఢిల్లీ అంకగణిత మొక్కటియే సమస్తమును నిర్ణయించునని చెప్పరాదు. పదిమందితో కానిది ఇద్దరితో ఐనది. నలుబదియేండ్ల జ్ఞాపకము తక్కినవారి పని చేసెను. ఆచార్య జయశంకర్ వంటివారు 1952 నుండి ఆ జ్ఞాపకమును కాపాడుచు వచ్చిరి.

2014 జూన్ 2న రాష్ట్రము అవతరించెను. ఆ యెన్నికలలో సమితికి 119లో 63 స్థానములు, 2018లో 88. కోరిక తీరిన పిమ్మట ప్రాంతీయ పక్షము దేనిపై నిలువవలెనను ప్రశ్న పాత సమితికి రానే లేదు. కొత్త సమితికి వచ్చినది. 2022 అక్టోబరులో అది తన పేరునుండి తెలంగాణ శబ్దమును తీసివేసి భారత రాష్ట్ర సమితి యయ్యెను. మరుసటి యేడు 39 స్థానములతో అధికారమును కోల్పోయెను. పేరు మార్పే దానికి కారణమని మేము చెప్పము. పదేండ్ల పాలనకు లెక్క చెప్పవలసినవారు పాలకులే. 2024 లోక్‌సభ యెన్నికలలో 17 స్థానములకు గాను దానికి ఒక్కటియు రాలేదు. 1971లో పది గెలిచి పక్షము పోయెను. 2024లో ఒక్కటియు గెలువకయు పక్షము మిగిలెను, శాసనసభలో ప్రధాన ప్రతిపక్షముగా. 1970లో మదనమోహన్‌ను గెలిపించిన సిద్దిపేట, 2023లో సయితము ఆ పక్షమునకే ఓటు వేసియుండెను.